మెడ విరిగిందని రాశారు.. చేతుల సంగతి రాయలేదు!

"అక్కా, మెడికల్ కోడింగ్ అంటే డాక్టర్ రాసింది చూసి నంబర్ కొట్టడమే కదా? దానికి డిగ్రీ ఎందుకు?"

ఈ కాలమ్ మొదలుపెట్టినప్పటి నుంచి నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఇదే. అమీర్‌పేటలో కోర్సులో చేరదామా వద్దా అని ఊగిసలాడేవాళ్లు, ఆల్రెడీ చేరి బోర్ కొడుతున్నవాళ్లు, "మా అమ్మాయి అసలు ఏం పని చేస్తుందో మాకు అర్థం కావట్లేదమ్మా" అనే తల్లులు.. అందరిదీ ఇంచుమించు ఒకటే డౌట్.

ఈ వారం దానికి జవాబు చెప్తా. మెడ ఎముక కథతో. నిజానికి రెండు మెడల కథ. ఒకటి అమెరికాలో ఎక్కడో ఉన్న ఒకాయనది. రెండోది మా పెద్దబాపుది.

సీ5కి 4.. ఇదేం లెక్క?

ముందు మా పని గురించి రెండు ముక్కలు. అమెరికాలో ఆసుపత్రికి వెళ్లిన పేషెంట్ జబ్బు, దెబ్బ ప్రతీదీ ఒక కోడ్‌గా మారాలి. ఇన్సూరెన్స్ వాళ్లు బిల్లు కట్టాలన్నా, రేపు ఎవరైనా లెక్కలు తీయాలన్నా ఆ కోడే ఆధారం. ఆ కోడ్‌ల పుస్తకం పేరు ఐసీడీ-10-సీఎం. అక్కడ 2015 అక్టోబర్ 1 నుంచి అదే నడుస్తోంది. డాక్టర్లు, నర్సులు రాసిన నోట్స్ చదివి, అందులోంచి కోడ్‌లు తీయడం మా డ్యూటీ. హైదరాబాద్‌లో కూర్చుని చేస్తాం. నాలాగా బీఫార్మసీ చేసినవాళ్లు, మైక్రోబయాలజీ, ఫిజియోథెరపీ, నర్సింగ్ చదివినవాళ్లు మా ఫ్లోర్ నిండా ఉంటారు. ఫోన్ లాకర్‌లో పెట్టి లోపలికి పోవాలి. పేషెంట్ వివరాలు గడప దాటకూడదు కాబట్టి. అందుకే ఇక్కడ నేను చెప్పే చార్ట్‌లో ఆయన పేరు, ఊరు, వయసు, తేదీ ఏవీ ఉండవు. అడగొద్దు.

మెడ ఎముక విరిగితే కోడ్ ఎస్12తో మొదలవుతుంది. మెడలో ఎముకలు 7. మనకీ 7, అంత పొడుగు మెడ ఉన్న జిరాఫీకీ 7. పైనుంచి కిందికి సీ1, సీ2.. అలా సీ7 దాకా.

కొత్తగా చేరినవాళ్లంతా బోల్తా పడేది ఇక్కడే. సీ1కి ఎస్12.1 అనుకుంటాం కదా? కాదు. సీ1కి ఎస్12.0. సీ2కి ఎస్12.1. అలా ఒక్కో అంకె తగ్గుతూ సీ5కి వచ్చేసరికి ఎస్12.4 అవుతుంది. తొందర్లో సీ5కి ఎస్12.5 కొట్టామా, అది సీ6 కోడ్. అంటే విరిగిన ఎముక బాగున్నట్టు, బాగున్న ఎముక విరిగినట్టు రికార్డుకెక్కుతుంది. మా బ్యాచ్‌లో ఈ తప్పు చేయనివాళ్లు ఒక్కరు కూడా లేరు.

మిగతా అంకెలన్నీ ఇంటి అడ్రస్ లాంటివి. ఎస్12 జిల్లా అనుకోండి. ఎస్12.4 ఊరు. ఆ తర్వాత వచ్చేవి వీధి, ఇంటి నంబరు. ఎలా విరిగింది, ముక్క పక్కకి జరిగిందా, ఉన్నచోటే ఉందా అన్నీ అందులో ఉంటాయి. సీ2కైతే వీధులు ఇంకా ఎక్కువ. ఆ ఎముక మీద పన్నులా పైకి పొడుచుకొచ్చిన ముక్క ఒకటి ఉంటుంది. డెన్స్ అంటారు. మనం తల అడ్డంగా ఊపి 'వద్దు' అనగలుగుతున్నామంటే, దాని చుట్టూ సీ1 తిరుగుతుండబట్టే. ఆ పన్ను మొదట్లో విరిగితే టైప్ 2. ఆ ఒక్క టైప్‌లోనే ముందుకు జరిగితే ఒక కోడ్, వెనక్కి జరిగితే ఇంకో కోడ్, అసలు జరగకపోతే మూడో కోడ్.

మరి జరిగిందో లేదో డాక్టర్ రాయకపోతే? మనం ఊహించకూడదు. దానికి రూల్ ఉంది. ఏమీ రాయకపోతే 'జరిగింది' అనే కోడ్ వేయాలి. చర్మం చీలి ఎముక బయటపడిందో లేదో రాయకపోతే 'బయటపడలేదు' అని వేయాలి. అంటే డాక్టర్ ఒక్క మాట రాయడం మర్చిపోయినా పేషెంట్ రికార్డు మారిపోతుంది. ఒక్క మాటకి.

ఏడో అక్షరం నేర్పిన పాఠం

ఈ కోడ్‌లన్నిటికీ చివర ఏడో స్థానంలో ఒక అక్షరం వస్తుంది. ఏ అంటే గాయానికి అసలు వైద్యం నడుస్తోందని. డీ అంటే వైద్యం అయిపోయి, ఎముక మామూలుగా అతుక్కుంటోందని. జీ అంటే అతుక్కోవడం లేటవుతోందని. కే అంటే అతుక్కోలేదని. ఇక ఎస్. దాని గురించి చివర్లో చెప్తా.

ఉద్యోగంలో చేరిన రెండో నెలలో ఒక మెడ ఫ్రాక్చర్ చార్ట్ వచ్చింది. పేషెంట్ ఒక ఆసుపత్రిలో చూపించుకుని, అక్కడి నుంచి ఇంకో పెద్ద ఆసుపత్రికి వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నాడు. నాకొచ్చింది రెండో ఆసుపత్రి చార్ట్. రెండోసారి కదా అని డీ వేశా. ఆడిటర్ ఎర్రగా గీత కొట్టి పంపింది. "ఏ అంటే మొదటిసారి అని కాదు. వైద్యం ఇంకా నడుస్తుంటే పదోసారి వచ్చినా ఏనే. ఆపరేషన్ కంటే అసలు వైద్యం ఇంకేముంటుంది?" అని కాల్‌లో అడిగింది. మా దగ్గర 95 శాతం కంటే తక్కువ వస్తే ఆ నెల ఇలాంటి కాల్స్ తప్పవు. నాకు ఆ నెల 91.

మార్కులు పోయినందుకు ఏడ్చా. కానీ ఆ రోజు నుంచి ఒక అలవాటయింది. చార్ట్‌ని ఫారంలా కాకుండా, ఒక మనిషికి ఏమైందో చెప్పే ఉత్తరంలా చదవడం.

చెట్టు మీద నుంచి పడ్డాయన

ఇక అసలు చార్ట్. ఒకాయన ఇంటి వెనక చెట్టెక్కి కొమ్మలు కొడుతూ కిందపడ్డాడు. పడిన తీరుకి కూడా కోడ్ ఉంటుంది. మంచం మీద నుంచి పడితే డబ్ల్యూ06, మెట్ల మీద నుంచైతే డబ్ల్యూ10, నిచ్చెన మీద నుంచైతే డబ్ల్యూ11, చెట్టు మీద నుంచైతే డబ్ల్యూ14. మొత్తం రాస్తే డబ్ల్యూ14.ఎక్స్ఎక్స్ఎక్స్ఏ. చదివితే నవ్వొస్తుంది కదా. చివరి అక్షరం కచ్చితంగా ఏడో స్థానంలోనే ఉండాలి కాబట్టి మధ్యలో ఖాళీలని ఎక్స్‌లతో నింపుతారు, అంతే.

డబ్ల్యూ14 కొడుతుంటే వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. మాది గీత కార్మికుల కుటుంబం. చెట్టు మీద నుంచి పడటమంటే మా ఇంట్లో నంబర్ కాదు. అయినా పని పనే కదా, ముందుకెళ్లా.

డాక్టర్ 'సీ5 ఫ్రాక్చర్' అని రాశాడు. ముక్క కొంచెం జరిగిందని సీటీ రిపోర్టులో ఉంది. ఇది వాడొచ్చు. ఫ్రాక్చర్ ఉందని వైద్యం చేసే డాక్టరే రాశాడు కాబట్టి, అది ఎక్కడ, ఎలా అన్న వివరం స్కాన్ రిపోర్టు నుంచి తీసుకోవడానికి రూల్ ఒప్పుకుంటుంది. అదే డాక్టర్ ఎక్కడా ఫ్రాక్చర్ అనకుండా స్కాన్ రిపోర్టులో మాత్రమే ఉంటే, అడ్మిట్ అయిన పేషెంట్‌కి మనంతట మనం కోడ్ వేయకూడదు. డాక్టర్‌ని అడగాలి.

సో, ఎస్12.400ఏ. అయిపోయింది. నెక్స్ట్ చార్ట్ తీయొచ్చు. టార్గెట్ గడియారం పైన తిరుగుతూనే ఉంది.

కానీ నర్సు నోట్స్ ఇంకా చదవలేదు. అక్కడ ఉంది అసలు సంగతి. 'పేషెంట్ సాయం పట్టుకుని బాత్‌రూమ్ దాకా నడిచాడు. రెండు చేతుల్లోనూ పట్టు బాగా తక్కువ. చెంచా పట్టుకోలేకపోతున్నాడు. అరచేతులు మండుతున్నాయంటున్నాడు.' మర్నాడు కూడా అదే. ఆ తర్వాతి రోజు ఫిజియోథెరపిస్ట్ కూడా అదే రాసింది. కాళ్లు నయం, చేతులు అధ్వానం.

కాలేజీలో ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది. సెంట్రల్ కార్డ్ సిండ్రోమ్. 1954లో రిచర్డ్ ష్నైడర్ అనే అమెరికన్ న్యూరోసర్జన్, ఆయన తోటివాళ్లు కలిసి దీన్ని వివరించారు. మెడ ఒక్కసారిగా వెనక్కి విరుచుకుపోయినప్పుడు వెన్నుపాము మధ్యభాగం నలుగుతుంది. అప్పుడు కాళ్ల కంటే చేతులే ఎక్కువ దెబ్బతింటాయి. మనిషి నడుస్తాడు. కానీ గ్లాసు పట్టుకోలేడు.

చార్ట్ మొత్తం వెతికా. డాక్టర్ నోట్స్‌లో ఎక్కడా వెన్నుపాము మాటే లేదు.

తెలిసినా రాయకూడదు!

ఇక్కడే మా ఉద్యోగంలో కష్టమైన రూల్ ఒకటుంది. నాకు తెలిసినట్టే అనిపించినా నేను కోడ్ వేయకూడదు. నేను డాక్టర్‌ని కాను. నర్సు రాసిందాన్ని బట్టి జబ్బు పేరు నేను తేల్చకూడదు. చార్ట్‌లో డాక్టర్ రాయనిది జరగనట్టే లెక్క. ట్రైనింగ్‌లో మొదటి రోజు నుంచి చెవిలో ఊదేది ఇదే.

ఉన్న దారి ఒకటే. క్వెరీ పంపడం. అంటే డాక్టర్‌కి ప్రశ్న. దాన్ని కూడా ఇష్టమొచ్చినట్టు రాయకూడదు. "సార్, సెంట్రల్ కార్డ్ సిండ్రోమ్ అని రాస్తారా?" అని అడిగితే తప్పు. మనమే జవాబు అందించినట్టు అవుతుంది. ఈ కోడ్ వస్తే ఆసుపత్రికి ఎంత ఎక్కువ వస్తుందో చెప్పడం ఇంకా పెద్ద తప్పు. చార్ట్‌లో కనిపించినవి కనిపించినట్టు పెట్టాలి. ఫలానా రోజు చేతుల్లో పట్టు తక్కువని, మంటలని, సాయంతో నడిచాడని ఉంది. వీటికి కారణం ఏమై ఉంటుందో మీ వైద్య అభిప్రాయం రాయగలరా అని అడగాలి. ఆప్షన్లు ఇస్తే 'వేరే కారణం', 'చెప్పలేం' అనేవి కూడా ఉండాలి.

మా టీమ్ లీడ్ చూసి, "ఎస్12 వేసేస్తే అయిపోయేది కదా, ఎందుకు హోల్డ్‌లో పెట్టావ్?" అన్నాడు. నోట్స్ చూపించా. చదివి, "పంపు" అన్నాడు.

రెండు రోజులకి జవాబొచ్చింది. డాక్టర్ నోట్స్‌లో కొత్తగా ఒక లైన్. సీ5 దగ్గర సెంట్రల్ కార్డ్ సిండ్రోమ్.

అప్పుడు చార్ట్ తలకిందులైంది. ఎస్12 కింద పుస్తకంలో ఒక గమనిక ఉంటుంది, వెన్నుపాముకి కూడా దెబ్బ తగిలితే ముందు దాని కోడ్ వేయాలని. కాబట్టి ఎస్14.125ఏ మొదటికొచ్చింది, ఎముక రెండో స్థానానికి పోయింది. తమాషా చూడండి, ఇక్కడ సీ5కి 5 అనే అంకే ఉంది. ఎముకల లిస్టులో 4, వెన్నుపాము లిస్టులో 5. మెడలో ఎముకలు 7 అయినా, అక్కడి నరాల జతలు 8. రెండు లిస్టులకీ ఎవరి లెక్క వాళ్లదే. పాత పుస్తకం ఐసీడీ-9లో ఎముక, వెన్నుపాము రెండూ దెబ్బతింటే కలిపి ఒకే కోడ్ ఉండేది. ఇప్పుడు విడదీసి రాయాలి.

ఎముక అతుక్కుంటుంది. చేతుల్లో పట్టు వస్తుందో రాదో చెప్పలేం. అందుకే ముందు ఏది రాయాలో పుస్తకం అంత గట్టిగా చెప్తుంది.

మా పెద్దబాపు టీ గ్లాసు

ఆ రోజు షిఫ్ట్ అయ్యాక లాకర్‌లోంచి ఫోన్ తీసుకుని, క్యాబ్ ఎక్కకుండా మెట్ల మీద కూర్చుండిపోయా. నా కళ్ల ముందు టీ గ్లాసు ఉంది. మా పెద్దబాపుది.

మా పెద్దబాపు గ్లాసుని వేళ్లతో పట్టుకోడు. రెండు మణికట్టుల మధ్య ఇరికించుకుని, తల వంచి తాగుతాడు. 2018 నుంచి అంతే.

ఆ ఏడాది వానలప్పుడు తాటిచెట్టు దిగుతుంటే మోకు జారింది. సగం దాకా దిగాడు కాబట్టి ప్రాణం దక్కింది. మొహం మీద పడ్డాడు. ఊళ్లోవాళ్లు భుజాలు ఒకరు, కాళ్లు ఒకరు పట్టి ట్రాలీ ఆటోలో వేశారు. మెడకి దెబ్బ తగిలిన మనిషిని అలా లేపకూడదని, తల కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయాలని అప్పుడు మాలో ఎవరికీ తెలీదు. నేను అప్పుడు ఫార్మసీ రెండో ఏడు, హాస్టల్లో ఉన్నా.

పది రోజులు ఆసుపత్రిలో ఉంచి, మెడకి పట్టీ వేసి పంపారు. మూడు నెలలకి లేచి తిరిగాడు. అందరూ కాటమయ్య దయ అన్నారు. కానీ చేతులు రాలేదు. గుండీ పెట్టుకోలేడు. ముద్ద కలుపుకోలేడు. ముత్తాదు కట్టుకోవడం దేవుడెరుగు, లొట్టి మూతికి తాడు కూడా చుట్టలేడు. రాత్రిళ్లు అరచేతులు మండుతున్నాయని తడిగుడ్డ చుట్టుకుని పడుకునేవాడు.

ఊరు ఏమందో తెలుసా? "నడుస్తనే ఉన్నడు కదా, ఏమైంది ఆయనకు? చెట్టు ఎక్కబుద్ధి కాక అట్ల జేస్తున్నడు."

ఊరిదాకా ఎందుకు, మా ఇంట్లోనే అన్నారు. నేను కూడా మనసులో ఒకసారి అనుకున్నా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే జరగనట్టే కదా.

చెట్టు మీద నుంచి పడిన గీత కార్మికులకి శాశ్వత వైకల్యం వస్తే ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ఇస్తుంది. పింఛన్‌కి సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం రావాలి. 2023లో క్యాంపుకి తీసుకెళ్లారు. అక్కడి డాక్టర్ కాళ్లు చూశాడు, నడవమన్నాడు, నడిచాడు. చేతులు చూపిస్తే, "పట్టు ఎందుకు పోయిందో కాగితం ఉందా?" అని అడిగాడు. తప్పేం లేదు, ఆయన అడగాల్సిందే అడిగాడు.

ఉన్న కాగితం ఒక్కటే. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జ్ సమ్మరీ. అందులో రోగం గురించి రాసింది మొత్తం ఇది: 'ఫాల్ ఫ్రమ్ హైట్. ఫ్రాక్చర్ సర్వైకల్ స్పైన్. కాలర్ అడ్వైజ్డ్. కండిషన్ స్టేబుల్.'

ఏ ఎముకో లేదు. జరిగిందో లేదో లేదు. చేతుల ఊసే లేదు. మా భాషలో చెప్పాలంటే అది ఎస్12.9. మెడలో ఎక్కడో విరిగింది, ఎక్కడో తెలీదు. జిల్లా పేరు మాత్రమే రాసి పోస్టులో వేసిన ఉత్తరం.

సరే, ఆసుపత్రికే వెళ్లి పాత ఫైల్ అడుగుదామని మా అన్న వెళ్లాడు. లేదన్నారు. అడ్మిట్ అయిన పేషెంట్ రికార్డుల్ని డాక్టర్లు 3 ఏళ్లు దాచి ఉంచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెప్తున్నాయి. మేం అడిగింది అయిదేళ్లకి. ఎక్స్‌రే ఫిల్మ్ ఇంట్లో రేకుల కింద పెట్టెలో తడిసి, ఒకదానికొకటి అంటుకుపోయింది.

అమెరికా చార్ట్‌లో ఆయన చెంచా పట్టుకోలేకపోతున్నాడని మూడు రోజుల్లో మూడుసార్లు రాశారు. రాసిన వాక్యాలు ఉన్నాయి కాబట్టే ఎనిమిదివేల మైళ్ల అవతల కూర్చున్న నేను ప్రశ్న అడగగలిగా. మా పెద్దబాపు విషయంలో అడగడానికి కూడా ఆధారం లేదు. ఎందుకంటే ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు.

"గీ కాయితంల ఏమున్నది బిడ్డా?"

నేను డాక్టర్‌ని కానన్న రూల్ ఇంటి దగ్గర కూడా వర్తిస్తుంది. అందుకే పెద్దబాపుకి జబ్బు పేరేదీ చెప్పలేదు. హైదరాబాద్ తీసుకొచ్చి న్యూరోసర్జన్‌కి చూపించా. లోపలికి వెళ్లేముందు ఒక తెల్లకాగితం మీద రాసి పెట్టుకున్నా. ఎప్పుడు పడ్డాడు, ఎలా పడ్డాడు, పడగానే చేతులు ఎలా ఉన్నాయి, కాళ్లు ఎలా ఉన్నాయి, నడక ఎప్పుడొచ్చింది, ఇప్పుడు ఏ పనులు చేయలేడు. ఒక రకంగా అది నేను రాసిన క్వెరీనే. జవాబు అందించకుండా, చూసింది చూసినట్టు.

డాక్టర్ చదివి, పెద్దబాపు చేతిలో తన వేళ్లు పెట్టి "గట్టిగా పట్టుకో" అన్నాడు. పెద్దబాపు పళ్లు బిగించాడు, మెడ నరాలు ఉబ్బాయి. వేళ్లు మాత్రం ముడుచుకోలేదు. ఎమ్మారై తీయించమన్నాడు.

పాతదే అయినా కనిపించింది. సీ5 ఎముక విరిగి అతుక్కున్న గుర్తు, దాని వెనక వెన్నుపాములో మచ్చ. నేను అడగకుండానే ఆయన అర పేజీ రాశాడు. 2018లో చెట్టు మీద నుంచి పడటం వల్ల సీ5 ఫ్రాక్చర్, వెన్నుపాముకి దెబ్బ, దానివల్ల రెండు చేతుల్లో మిగిలిపోయిన బలహీనత. ఏ కండరంలో ఎంత బలముందో అంకెలతో సహా.

బయట బెంచీ మీద కూర్చున్నాక పెద్దబాపు అడిగాడు. "గీ కాయితంల ఏమున్నది బిడ్డా?"

తెలుగులో చదివి వినిపించా. మొత్తం విన్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అంటే నేను నాటకం ఆడుతలేనని రాసిండా?" అన్నాడు.

"అవు పెద్దబాపూ. గదే రాసిండు."

ఇప్పుడు చివరి అక్షరం గురించి చెప్తా. ఎస్. గాయం మానిపోయింది, కానీ అది మిగిల్చిన బాధ ఉండిపోయిందని దాని అర్థం. అప్పుడు ముందు ఇప్పటి బాధ రాయాలి, తర్వాత దానికి కారణమైన పాత గాయాన్ని చివర ఎస్ పెట్టి రాయాలి. ఎస్14.125ఎస్. ఎస్12.400ఎస్. ఆఖరికి చెట్టు మీద నుంచి పడటానికి కూడా ఎస్సే, డబ్ల్యూ14.ఎక్స్ఎక్స్ఎక్స్ఎస్. బస్సులో ఇంటికి వెళ్తూ మనసులో కోడ్ చేసుకున్నా. ఈ అమెరికా కోడ్‌లు మన సదరం క్యాంపులో ఎవరూ అడగరు. అక్కడ పనికొచ్చేది ఆ అర పేజీ.

అందుకే మొదటి ప్రశ్నకి నా జవాబు ఇదీ. నంబర్ కొట్టడం చివరి ఒక్క నిమిషం పని. అంతకుముందు చదవడమే ఉద్యోగమంతా. రాసింది చదవాలి, రాయకుండా వదిలేసింది కూడా కనిపెట్టాలి. కోర్సు సంగతి అడిగేవాళ్లకి.. సీపీసీ పరీక్షలో 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాస్. కోడ్ పుస్తకాలు తెరిచి పెట్టుకునే రాయొచ్చు. కంఠతా పట్టేవాళ్ల కంటే ఓపిగ్గా చదివేవాళ్లకే అది సులువు.

మీ ఇంట్లోవాళ్లకి దెబ్బ తగిలితే

కోడింగ్‌తో పని లేకపోయినా ఇది మాత్రం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మెడకో, నడుముకో దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉన్న మనిషిని ఇంటికి తెచ్చుకునేముందు డిశ్చార్జ్ సమ్మరీలో ఇవి ఉన్నాయో లేదో చూడండి.

1. ఏ ఎముక? సీ5 అనో, ఎల్1 అనో పేరుతో సహా ఉండాలి. 'స్పైన్ ఫ్రాక్చర్' అంటే సరిపోదు.

2. ముక్క జరిగిందా, లేదా?

3. వెన్నుపాముకి దెబ్బ ఉందా, లేదా? లేకపోతే లేదని రాయాలి.

4. చేతులు, కాళ్ల బలం వచ్చినరోజు ఎంత, వెళ్లేరోజు ఎంత?

5. ఎలా పడ్డారు, ఎప్పుడు పడ్డారు? చెట్టు, బైక్, మెట్లు.. ఏదైతే అది. రేపు ఇన్సూరెన్స్ అయినా, ఎక్స్‌గ్రేషియా అయినా మొదట అడిగేది ఇదే.

6. పెద్దవయసువాళ్లయితే ఎముకలు గుల్లబారే జబ్బు ఉందా? కుర్చీలోంచి జారినంత మాత్రాన ఎముక విరిగితే, అది దెబ్బ కంటే ఆ జబ్బు పనే. మా పుస్తకంలో అయితే దానికి ఎస్12 వేయం, ఎమ్80 అనే వేరే కోడ్ వేస్తాం. వైద్యం కూడా ఎముకతో ఆగకూడదు.

ఏదైనా లేకపోతే మర్యాదగా అడగండి. "సార్, చేతుల్లో పట్టు లేదని కూడా రాస్తారా? చూసి మీకు అనిపించింది రాయండి చాలు" అంటే చాలామంది డాక్టర్లు రాస్తారు. సమ్మరీ, స్కాన్ రిపోర్టులు ఫోన్‌లో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి ఉంచండి. మీ చేతిలో ఉన్న ఫోన్ మా రేకుల కింద పెట్టె కంటే నయం.

2024 జులైలో తెలంగాణలో గీత కార్మికులకి కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలైంది. మా అన్న ఇప్పుడు అది కట్టుకునే చెట్టెక్కుతున్నాడు. పెద్దబాపు కింద నిలబడి, "బెల్టు బిగించినవా? ఇంకోసారి చూస్కో" అని అరుస్తుంటాడు. ఆయన చేతులు ఇప్పుడూ గ్లాసు పట్టవు. కానీ ఊళ్లో ఎవరైనా "నడుస్తనే ఉన్నవు కదా" అంటే, మా పెద్దమ్మ లోపలికి పోయి ప్లాస్టిక్ కవర్‌లోంచి ఆ అర పేజీ తెచ్చి చూపిస్తుంది.

సదరం స్లాట్ వచ్చే నెల 12న. ఏమైందో మళ్లీ రాస్తా.